రక్తపుపోటునకు మూలమెక్కడ?

మన భాషలో ఒక వింత ప్రయోగము ఈ తరములో పుట్టినది. ఎవనికైనను కోపము వచ్చినచో "వానికి బీపీ పెరిగినది" అనుచున్నారు. బడిలో చదువుకొను బాలుడు మొదలు కచేరీలో పనిచేయు ఉద్యోగి వరకు అందరును ఈ మాటను ఈ అర్థముననే వాడుచున్నారు. మాటలు ఊరక పుట్టవు. రక్తపుపోటనగా కోపిష్ఠివారి రోగమనియు, శాంతముగా నుండువారికి అది రాదనియు, వచ్చినచో తలనొప్పి, కండ్లెరుపు మొదలగు గురుతులతో తానై తెలియవచ్చుననియు జనులు నమ్ముచున్నారనుటకు ఈ ప్రయోగమే సాక్ష్యము. ఈ నమ్మకము ప్రాణములు తీయుచున్నది. సాధుస్వభావుడైన రైతును, నోరెత్తి యెరుగని ఇల్లాలును తమకా రోగమేల వచ్చునని తలచి ఎన్నడును చేతికి పట్టీ కట్టించుకొనరు. ఒకనాటి తెల్లవారుజామున చేయియు కాలును పడిపోయి, మూతి వంకరపోయిన పిమ్మట గాని ఇంటివారికి సంగతి తెలియుటలేదు.

ఇది పట్టణములలోని సంపన్నుల జబ్బు అని వాదించువారు ఇంకను కలరు. వారు గోదావరి జిల్లాల లెక్కలను చూడవలెను. 2003 అక్టోబరు మొదలు 2004 సెప్టెంబరు వరకు అచ్చటి 45 గ్రామములలో, సుమారు 1,80,000 జనాభాలో, సంభవించిన మరణములకు కారణమేమని ఇంటింట విచారించిరి. పదమూడువందలకు పైబడిన ఆ మరణములలో నూటికి 32 గుండెకును రక్తనాళములకును సంబంధించినవని తేలినది. అంటురోగముల వలన చచ్చినవారు అందులో సగమునకును తక్కువ. కలరాకును మశూచికమునకును వెరచిన పల్లెలు ఇపుడు గుండెపోటునకును పక్షవాతమునకును బలియగుచున్నవి. ఈ రెండింటి వెనుకను పొంచియున్నది రక్తపుపోటే. ప్రపంచమున 30 ఏండ్లకు పైబడి 79 ఏండ్లలోపు వారిలో 120 కోట్లకు మించిన జనులకు ఈ రోగము కలదనియు, వారిలో దాదాపు సగముమందికి తమకున్నట్లే తెలియదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ప్రకటించినది.

పోటనగా నేమి? గుండె నిమిషమునకు డెబ్బది, ఎనుబది సారులు ముడుచుకొని నెత్తురును ధమనులలోనికి నెట్టుచుండును. ఆ నెత్తురు నాళముల గోడలపై మోపు ఒత్తిడియే పోటు. దీనిని మొట్టమొదట కొలిచినవాడు వైద్యుడు కాడు, ఆంగ్లదేశమందలి ఒక మతాచార్యుడు. స్టీఫెన్ హేల్సు అనునాతడు ఒక ఆడుగుఱ్ఱము ధమనిలో గొట్టము నమర్చి, దానికి గాజునాళము నతికించి, నెత్తురు 8 అడుగుల 3 అంగుళముల ఎత్తునకు ఎగబ్రాకుట చూచి, ఆ వృత్తాంతమును 1733లో ప్రకటించెను. మనుష్యుని చేతికి పట్టీ చుట్టి పాదరసముతో కొలుచు సాధనము 1896లో ఇటలీయందు రీవా-రోచ్చి వలనను, చెవిగొట్టముతో శబ్దము విని రెండు అంకెలను నిర్ణయించు పద్ధతి 1905లో రష్యాయందు కొరోట్కోవు వలనను ఏర్పడినవి. ఆసుపత్రులలో కొలుచునపుడు 140 పైన, 90 క్రింద, లేక అంతకు మించి పలుమారులు కనబడినచో రోగమని సాధారణముగా లెక్కించుచున్నారు.

కొలుచుట తెలిసినంత మాత్రమున కారణము తెలియలేదు. నాళములు గట్టిపడి ఇరుకైనపుడు వానిగుండ నెత్తురును నెట్టుటకు హెచ్చు ఒత్తిడి అవసరమేయని వైద్యులు చిరకాలము తలచిరి. రోగమునకు "ఆవశ్యకమైన పోటు" అను అర్థము వచ్చు పేరు పెట్టిరి! ఆ పేరు వైద్యగ్రంథములలో ఇంకను పూర్తిగా పోలేదు. పేరు చేసిన అపకారము చిన్నది కాదు. ఆవశ్యకమైనదానిని తగ్గించుటెందులకని ఊరకున్నవారనేకులు. అమెరికా అధ్యక్షుడు రూజువెల్టు 1945 ఏప్రిలు 12వ తేదీన మెదడులో నాళము చిట్లి మరణించెను. ఆనాడాయన పోటు సుమారు 300 మీద 190. అంతకు పూర్వము పలుసంవత్సరములుగా అది పెరుగుచునే యుండెను. భూమండలములోకెల్ల బలవంతమైన ప్రభుత్వమునకు అధిపతి ఐనవానికే నాడు తగిన మందు లేదు. నేడు మన పల్లెలో మందు కలదు. అది అవసరమని తెలిసినవారే తక్కువ.

కారణాన్వేషణమున మొదట దృష్టి పడినది మూత్రపిండముల మీద. 1836లో లండనునందు రిచర్డు బ్రైటు, మూత్రపిండములు చెడి మరణించినవారిలో పలువురికి గుండె పెరిగియుండుట గమనించెను. 1898లో స్వీడనునందు టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనువారు కుందేలు మూత్రపిండముల రసమును వేరొక కుందేలునకు ఎక్కించి, పోటు పెరుగుట చూచి, ఆ పదార్థమునకు రెనిన్ అని పేరిడిరి. ఆ మాటను ముప్పదియేండ్లకు పైగా లోకము మరచినది. 1934లో అమెరికాలో హారీ గోల్డ్‌బ్లాటు కుక్కల మూత్రపిండములకు నెత్తురు తెచ్చు ధమనిని వెండి బిగింపుతో కొంతమేర నొక్కి, వానికి శాశ్వతమైన రక్తపుపోటు కలిగించి చూపినపుడు గాని అది మరల జ్ఞప్తికి రాలేదు.

ఈ సంగతి డెల్టాలోని రైతునకు చెప్పినచో పండితులకంటె త్వరగా గ్రహింపగలడని మా నమ్మకము. పిల్లకాలువలో పూడిక పడినది; శివారునకు నీరందుటలేదు. ఆ శివారున నిలిచిన లస్కరు, కాలువ యంతయు ఎండిపోయినదని భ్రమించి, పైనుండి నీరు వదలుమని మాటిమాటికి కబురు పంపును. పైవారు తూములెత్తుదురు. అతని పిల్లకాలువకు నీరు చాలదు గాని, పెద్దకాలువ గట్లు ఒరసి పారి, ఎచ్చటనో బలహీనమైనచోట గట్టు తెగును. మూత్రపిండము ఆ లస్కరు వంటిది. తనకు నెత్తురు చాలకున్నచో రెనిను విడుచును. దానివలన పుట్టు యాంజియోటెన్సిన్ అను ద్రవ్యము నాళములను బిగించును. అడ్రినలు గ్రంథులను ప్రేరేపించి ఉప్పును నీటిని శరీరములో నిలుపుదల చేయించును. నీరు హెచ్చినది, కాలువ ఇరుకైనది. ఇక గట్టు తెగుట మెదడులోనా, గుండెలోనా, కంటిలోనా అనుటయే మిగిలిన ప్రశ్న. ఈ ద్రవ్యమును 1939, 1940 సంవత్సరములలో అర్జెంటీనాలోను అమెరికాలోను రెండు బృందములు వేరువేరుగా కనుగొనినవి. నేడు ఔషధశాలలలో అమ్ముచున్న మాత్రలలో పెక్కు ఈ లస్కరు కబురు పైకి చేరకుండ అడ్డుపడునవియే.

మరికొందరిలో లస్కరు తప్పు చేయకయే పైనున్న గ్రంథి తనంత తానుగా చెలరేగును. అడ్రినలు గ్రంథి ఆల్డోస్టెరోన్ అను రసమును అక్కరలేకున్నను విడుచుచుండుట 1955లో జెరోము కాన్ వర్ణించెను. ఇది బహు అరుదని చాలకాలమనుకొనిరి. వెదకినకొలది కనబడుచున్నది, మూడేసి మందులు మ్రింగినను పోటు తగ్గనివారిలో దీనిని తప్పక వెదకవలెనని ఇపుడు చెప్పుచున్నారు. గురకపెట్టుచు నిద్రలో ఊపిరి ఆగి ఆగి లేచువారును, థైరాయిడు గ్రంథి చెడినవారును, పుట్టుకతోనే పెద్దధమని ఇరుకైనవారును కలరు. ముప్పది యేండ్లు నిండని యువకునకు పోటు కనబడినచో మాత్ర వ్రాసి పంపుట చాలదు. ఎందువలన వచ్చినదో వెదకుట వైద్యుని విధి.

ఒక కారణమును గూర్చి మేము ప్రత్యేకముగా చెప్పదలచితిమి. నాట్లకాలమున, కోతలకాలమున నడుము నొప్పికి, కీళ్ల నొప్పికి కూలీలు మ్రింగు మాత్రలకు లెక్కలేదు. చీటీ అడుగువాడు లేడు. ఊరిలో వైద్యము చేయునాతడు సూది వేయును. మరునాడు పని సాగును. డైక్లోఫెనాకు, ఐబూప్రొఫెను వంటి ఈ నొప్పిమందులు ఉప్పును శరీరములో నిలిపి పోటును పెంచును, మూత్రపిండములను దెబ్బతీయును. స్టెరాయిడులును అట్టివే. నాటుమందనిన హాని లేదను భ్రమయు తగదు. దగ్గునకు మనమెరిగిన అతిమధురము కూడ దీర్ఘకాలము హెచ్చుగా వాడినచో పోటును పెంచును. ఏ మందు వాడుచున్నావని రోగిని అడుగని వైద్యుడు సగము పరీక్షయే చేసినట్లు.

ఇవన్నియు కలిపినను రోగులలో కొలదిమందికే వర్తించును. నూటికి తొంబదిమందిలో ఇదియే కారణమని ఒక్కదానిని వ్రేలెత్తి చూపజాలము. అచ్చట పలుకారణములు ఒకదానికొకటి తోడగుచున్నవి. తలిదండ్రుల నుండి వచ్చు గుణము, పొట్ట చుట్టును పేరుకొను క్రొవ్వు, కదలిక లేని కొలువు, త్రాగుడు, ముదిమి. వీనిలో మన చేతిలో నున్నదియు, మనవారిలో మిక్కిలి ప్రబలియున్నదియు ఉప్పు.

ఉప్పును గూర్చి వ్రాయుటకు ఒక తెలుగు పత్రికకు కొంత సంకోచము కలుగుట సహజము. 1930లో గాంధీమహాత్ముడు దండి తీరమున పిడికెడుప్పు తీసినపుడు, ఆంధ్రతీరమున పలుచోట్ల మనవారు కుండలతో సముద్రజలమును కాచి, లాఠీదెబ్బలు తిని, చెరసాలలకు పోయిరి. పేదవాని గంజిలో పడు ఉప్పుపై పన్ను వేయుట అన్యాయమను ఆనాటి వాదములో అక్షరము మార్చనక్కరలేదు. ఎండలో చెమటోడ్చు శ్రమజీవికి ఉప్పు కావలెను. ఐతే ఆనాడు హక్కుగా సాధించినదానిని నేడు మోతాదు మించి తినుచున్నామనుట ఆ త్యాగమునకు అపచారము కాదు. రోజునకు 5 గ్రాములకు లోబడి తినుడని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. ఆంధ్రదేశమున ఒక్కొక్కరు సుమారు తొమ్మిదిన్నర గ్రాములు తినుచున్నట్లు 2017లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. ఆ పరిశోధనలో ఢిల్లీ, హర్యానా ప్రాంతములవారు కూడ మనకంటె తక్కువ తినుచున్నట్లు కనబడినది.

ఉప్పునకును పోటునకును గల సంబంధమును 1988లో 32 దేశములందలి 52 చోట్ల, పదివేలకు పైగా జనులపై విచారించిరి. బ్రెజిలు అరణ్యములలోని యానొమామీ జాతివారు వంటలో ఉప్పే యెరుగరు. వారిలో పెద్దవారి పోటు వందకు లోబడియే యున్నది. ముదుసలులకును పెరుగుట లేదు. వయస్సుతో పాటు పోటు పెరుగుట ప్రకృతిధర్మమని మనమనుకొనునది మన వంటింటి ధర్మమేమో! అందరి శరీరములును ఉప్పునకు ఒక్కరీతిగా లొంగవన్న మాట నిజమే. ఎవనిది లొంగునో ముందుగా తెలియుట కష్టము గనుక అందరును తగ్గించుటయే క్షేమము. ఇచ్చట మన అన్నమును నిందించువారికొక సంగతి. 1940 ప్రాంతమున అమెరికాలో వాల్టరు కెంప్నరు అను వైద్యుడు, మరణాసన్నులైన పోటురోగులకు ఉప్పు తగులని అన్నము, పండ్లు, పండ్లరసము, చక్కెర మాత్రమే పెట్టి, పలువురిని బ్రతికించెను. దోషము అన్నమునందు లేదు, అందులో కలుపుకొనుదానియందున్నది.

కలుపుకొనునదేమి? ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, అప్పడము, వడియము, ఊరమిరపకాయ, ఎండుచేప. వీనిని వెక్కిరించుట మాకు సమ్మతము కాదు. పట్టణమునుండి వచ్చిన ఉపన్యాసకుడు "ఊరగాయ మానుడు" అని చెప్పి పోవుట సులభము. ఊరగాయ మన పేదవాని కూర. రెండు బద్దలున్నచో కుండెడన్నము దిగును. కూరగాయల ధర కూలికి అందనినాడు ఆ ఇల్లాలు ఏమి చేయవలెను? ఉప్పు హెచ్చి, ఆకుకూరలు, పండ్లు తగ్గినపుడు శరీరమునకు పొటాసియము చాలదు. పొటాసియము చాలనిచో ఉప్పు చేయు కీడు ఇబ్బడియగును. కావున ఇది జిహ్వ దోషమెంతయో బజారు దోషమును అంతయే. ఇక నాగలి పట్టిన తాత తిన్న ఉప్పునే, నాగలి చూడని మనుమడు పంకా క్రింద కూర్చుండి తినుచు, పైగా బజారు పొట్లములలోని చిరుతిండ్లను కూడ నములుచున్నాడు. అతనికి మేము చెప్పున దొక్కటే: తాతగారి చెమట లేనిదే తాతగారి ఉప్పు తగదు.

ఇంతకంటెను లోతైన మూలమొకటి కలదు. దానిని తలచినపుడు మనస్సు క్షోభించుచున్నది. మూత్రపిండములలో నెత్తురును వడపోయు సూక్ష్మమైన జల్లెడలు ఒక్కొక్కదానిలో సుమారు పదిలక్షలుండును. ఇవి శిశువు తల్లిగర్భములో నుండగానే ఏర్పడవలెను. పుట్టిన పిమ్మట క్రొత్తవి పుట్టవు. తల్లికి తిండి చాలక బిడ్డ బరువు తక్కువగా పుట్టినచో ఆ జల్లెడలును తక్కువగా నుండును. ఉన్నవి పనిభారముతో చెడును. నలువది యేండ్లకు పోటు కనబడును. ఆంగ్లదేశమున డేవిడ్ బార్కరు 1989 ప్రాంతమున ప్రకటించిన విచారణలలో, తక్కువ బరువుతో పుట్టినవారికే పెద్దయిన పిమ్మట పోటును గుండెజబ్బును హెచ్చని తేలినది. మన ఇండ్లలో అందరును తినిన పిమ్మట అడుగంటినది తినునది ఎవరు? పదునెనిమిదేండ్లు నిండకయే అత్తవారింటికి పోవునది ఎవరు? నెత్తురు లేక పాలిపోయి కాన్పునకు పోవునది ఎవరు? నేడు ఆసుపత్రి ముంగిట పక్షవాతముతో పడియున్న యేబదేండ్ల కూలీ రోగమునకు ఒక వేరు, ఆతని తల్లి కడుపుతో నున్నప్పటి ఆకలిలో నుండవచ్చును. అట్టివానిని "నీ అలవాట్ల వలననే వచ్చినది" అని గద్దించుటకు మనకేమి అధికారము?

కోపము మాట మొదట ఎత్తితిమి గనుక దానికిని న్యాయము చేయవలెను. కోపము వచ్చినపుడు పోటు పెరుగుట నిజము. కోపము చల్లారగానే తగ్గుటయు నిజము. నిలిచియుండు పోటునకు అది ఒక్కటియే కారణమనుట నిలువదు. రాత్రిపని, నిద్రలేమి, తీరని అప్పు, విడువని దిగులు, ఇవి మాత్రము ఏండ్లతరబడి సాగినచో కీడు చేయును. త్రాగుడు పోటును పెంచుననుట నిస్సంశయము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి; 1995లో మద్యనిషేధము వచ్చెను; 1997లో పోయెను. ఒకచేత మద్యముపై రాబడి తీసి, మరియొకచేత పోటుమాత్రలు పంచు ప్రభుత్వమును ఏమనవలెనో పాఠకులకే విడుచుచున్నాము. పొగాకు, పోటుతో కూడినపుడు, రక్తనాళములను మరింత త్వరగా పాడుచేయును.

ఇక చికిత్స. రక్తపుపోటును తగ్గించిన తొలిమందులలో నొకటి మనదేశపు వేరు. సర్పగంధను గూర్చి 1931లో కలకత్తాలో గణనాథసేనుడును కార్తిక చంద్ర బోసును వ్రాసిరి; 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు ఆంగ్ల వైద్యపత్రికలో ప్రకటించిన పిమ్మట లోకమంతయు దానివైపు తిరిగెను. దానిని మించిన మందులు తరువాత వచ్చినవి, ధరయు తగ్గినది. ఐనను మనవారిలో ఒక దురభ్యాసము పాతుకొనినది. నెలరోజులు మ్రింగి, పోటు 130కి దిగగానే "తగ్గినది" అని మానివేయుదురు. తగ్గినది రోగము కాదు, మందు పట్టి యుంచిన అంకె. పూర్తిగా వారిని తప్పుపట్టుటకును వీలులేదు. ఆసుపత్రికి పోయిన కూలి ఒకదినపు కూలి పోగొట్టుకొని పదిదినముల మాత్రలతో తిరిగివచ్చినచో, మూడవమారు పోవునా? దేశమున రక్తపుపోటు నదుపుచేయుటకై 2017లో తలపెట్టిన ప్రయత్నమునకు మొదట ఎన్నుకొనిన ఐదు రాష్ట్రములలో తెలంగాణ మొకటి. ఎల్లవేళల మందులు నిలువయుండుటయు, ఇంటికి చేరువనే ఇచ్చుటయు దానిలో ముఖ్యసూత్రములు. సూత్రము మంచిది, నెల మధ్యన మాత్రలు అయిపోయిన ఉపకేంద్రమునకు సూత్రముతో పనిలేదు.

ఉప్పు తగ్గించు మార్గమొకటి మన యెదుటనే యున్నది. బ్రిటనులో రొట్టె మొదలగు పదార్థములలో ఉప్పును కర్మాగారములచేతనే క్రమముగా తగ్గింపించి, 2001 ప్రాంతమున తలకు 9.5 గ్రాములున్నదానిని 2011 నాటికి 8.1 గ్రాములకు దింపిరి. మన దేశమున ఉప్పు హెచ్చుభాగము వంటింటిలో పడునది గనుక ఆ పద్ధతి మనకు పూర్తిగా చాలదు, ఉప్పునే మార్చవలెను. మామూలు ఉప్పులో పాతికవంతు పొటాసియము క్లోరైడు కలిపి చైనాలో 600 గ్రామములలో సుమారు 21,000 మందిపై పరీక్షింపగా పక్షవాతము నూటికి 14 పాళ్లు తగ్గినట్లు 2021లో వెల్లడియైనది. అంత దూరము పోనక్కరలేదు. మన సిద్దిపేట ప్రాంతమున ఏడు గ్రామములలో 502 మంది పోటురోగులపై ఇట్టి ఉప్పునే వాడి చూడగా పై అంకె సగటున నాలుగుకు మించి తగ్గినది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థయు ఇట్టి ఉప్పును వాడవచ్చునని సలహా యిచ్చినది. గర్భిణులను, పిల్లలను, మూత్రపిండములు చెడినవారిని మినహాయించినది. ఈ మినహాయింపును తేలికగా తీసికొనరాదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము వంటి చోట్ల, మూత్రపిండముల వ్యాధి ఇంటింట నున్నచోట, పరీక్ష చేయక ఈ ఉప్పును పంచుట ప్రమాదము.

రెండు తెలుగు ప్రభుత్వములను మేమడుగునది ఇది. ముప్పది యేండ్లు నిండిన ప్రతివానికిని ఏటేట పోటు కొలిపించి, పోటు కనబడినవారికి మూత్రపిండముల పరీక్షయు చేయింపవలెను. మాత్రలు ముప్పదిదినములకు తక్కువగా ఈయరాదు. మూత్రపిండముల వ్యాధి ప్రబలని ఒక్కొక్క మండలమును ముందుగా ఎన్నుకొని, పరీక్షలు ముగిసిన కుటుంబములకు చౌకధరల దుకాణములలో పొటాసియము కలిసిన ఉప్పును మామూలు ఉప్పు ధరకే ఇచ్చి చూడవలెను. ధరల తేడాను ఖజానా భరించినచో ఏడాదికి ఎంత యగునో, ఒక జిల్లాలో పక్షవాతరోగుల చికిత్సకు ప్రస్తుతము ఎంత యగుచున్నదో, ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి వచ్చు శాసనసభా సమావేశములో సభ్యుల ముందు పెట్టవలెనని కోరుచున్నాము.